మూడు విందులూ ఒక మొహమాటమూ

అనగనగా ఒక అడవిలో అందరూ మర్యాదస్తులే. చిక్కంతా అక్కడే వచ్చింది.

మర్యాదంటే అంతా ఇంతా కాదు పిల్లలూ. కుందేలు ఎదురైతే నక్క పక్కకి తప్పుకుని దారిచ్చేది. కోతి కొమ్మెక్కి పండు కోస్తే, ముందు కిందనున్నవాళ్ళకి ఒకటి జారవిడిచి, ఆ తరవాతే తను కొరికేది. ఎలుగుబంటికి తుమ్మొస్తే చెట్టు చాటుకి పోయి తుమ్మి వచ్చేది. అలాంటి అడవిలో అందరినీ మించిన మర్యాదస్తురాలు ఒక పునుగుపిల్లి. ఆవిడ పేరు కస్తూరమ్మ.

కస్తూరమ్మ కాపురం ఇప్పచెట్టు తొర్రలో. తొర్ర ముందు చదునైన బండ ఒకటి ఉండేది. ఆ బండ మీద కాలుపెట్టినవాళ్ళని ఏదో ఒకటి తినిపించకుండా పంపేది కాదు. వద్దంటే వినేది కాదు. నేను పెడితే చేదా అని మూతి ముడుచుకునేది. అలా పెట్టగా పెట్టగా, కస్తూరమ్మ చేతికి ఎముక లేదని అడవంతా పేరొచ్చింది. ఆ మాట చెవిన పడిన రోజు ఆవిడ తోక నేల మీద ఆనేది కాదు.

పెట్టడం అంత బాగా వచ్చిన కస్తూరమ్మకి అడగడం మాత్రం రాదు. పుట్టి బుద్ధెరిగాక ఒకరిని ఒకటి అడిగి ఎరగదు. ఒక ఎండాకాలం వాగు ఎండిపోతే, నీళ్ళెక్కడున్నాయని ఎవరినీ అడగలేక, నాలుక పిడచకట్టుకుపోయేదాకా తిరిగి తిరిగి తనే చెలమ వెతుక్కుంది. దాన్ని గొప్పగా చెప్పుకునేది కూడాను. అందులో గొప్పేమిటో నాకైతే ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. గుట్ట అవతల కార్చిచ్చు లేచింది. పెద్దవాళ్ళు కొందరు పిల్లల్ని ఇవతలికి తోసి, తాము మాత్రం ఇవతలికి రాలేకపోయారు. ఆ మిగిలిన కూనల్ని చేరదీసింది ఎవరనుకున్నారు? పోలమ్మవ్వ. అంటే ముళ్ళపంది. పిల్లా జెల్లా లేని ముసలిది. వాగు ఒడ్డున బండ కింద ఒక గుంట, అదే ఆవిడ ఇల్లు. కుందేలు పిల్లల్ని, కాలు కమిలిన దుప్పిపిల్లని, అడవిపిల్లి కూనని ఆ గుంటలో పడుకోబెట్టి, తను బయట పడుకునేది. లోపల పడుకుంటే పిల్లలకి ముళ్ళు గుచ్చుకుంటాయని ఆవిడ బాధ.

ఎండాకాలం ఎలాగో గడిచింది. మృగశిర దగ్గరపడింది. వాన పడితే వాగు పొంగుతుంది, వాగు పొంగితే గుంటలోకి నీళ్ళొస్తాయి. అంతకుముందే పిల్లల్ని పైన గుట్ట మీదున్న గుహలోకి చేర్చాలి. ఆ గుహలో ఉన్నదంతా ఉత్త రాయి. పిల్లలు పడుకోవడానికి గడ్డి కావాలి. వాగు పొంగాక అవతలికి పోయి గడ్డలు తవ్వుకురావడం కుదరదు గనక వానలు తగ్గేదాకా తిండి కావాలి. ముసలిది ఒక్కతీ ఎంతని మోస్తుంది?

అందుకని ఇల్లిల్లూ తిరిగింది. పోలమ్మవ్వకి మొహమాటం లేదు గాని భయం ఉంది. కొత్తవాళ్ళ ముందు నిలబడిందంటే ముళ్ళు వాటంతటవే లేచి గలగలమనేవి. అవతలివాళ్ళు పోట్లాటకొచ్చిందనుకుని గబుక్కున లోపలికి దూరేవాళ్ళు. నక్కయితే లోపల్నుంచే ఇంట్లో ఎవరూ లేరని చెప్పింది. నవ్వకండి, చందాలవాళ్ళు వస్తే మీచేత కూడా అదే చెప్పిస్తారు మీవాళ్ళు.

చివరికి అవ్వ కస్తూరమ్మ బండ మీదికి వచ్చింది. కస్తూరమ్మ అలవాటు ప్రకారం ముందు ఈతపళ్ళు పెట్టి, తరవాత కబురేమిటని అడిగింది. కూనల సంగతి వింటుంటే ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు, ఆ మాట మాత్రం చెప్పాలి. కస్తూరమ్మ మనసు మంచిదే.

ఆ అడవిలో అందరికీ సలహాలు చెప్పే గోరింక ఒకతి ఉండేది, పేరు సింగారి. కొమ్మ మీద కూర్చుని అంతా వింటోంది. ఇల్లిల్లూ తిరగడం దేనికంది. మంచి ఇల్లున్నవాళ్ళు ఎవరైనా అందరినీ విందుకి పిలవాలి, కడుపునిండా పెట్టాలి, పెట్టాక కూనల సంగతి చెప్పి తలా కాస్త ఇమ్మని అడగాలి, నిండిన కడుపు లేదనదు అని దాని లెక్క. విందు అన్న మాట వినగానే కస్తూరమ్మ సరేనంది. అడగాలి అన్న మాట విన్నదో లేదో నేను చెప్పలేను. ఒక్క విందుతో తీరే అవసరం కాదని కోతి గవరయ్య తన ఇంట ఒకటి పెడతానన్నాడు. ఎలుగుబంటి దుబ్బయ్య తన గుహలో ఇంకోటి పెడతానన్నాడు. సింగారి ఇంటింటికీ వెళ్ళి బొట్టుపెట్టి పిలిచింది. కూనల కోసం పెడుతున్న విందు, కలిగింది పట్టుకురండని కూడా తనంతట తనే చెప్పింది.

విందు రోజు కస్తూరమ్మ హడావిడి చూసి తీరాలి. వానాకాలానికని దాచుకున్న ఎండు ఇప్పపువ్వు, తునికిపళ్ళు అన్నీ తొర్రలోంచి బయటికి తీసింది. నీకు చారెడైనా మిగుల్చుకోమని సింగారి అంటే, నలుగురూ వచ్చే ఇంట్లో మిగుల్చుకోవడమేమిటని కసిరింది. మోదుగాకుల విస్తళ్ళు కుట్టింది. నేరేడుపళ్ళు కడిగి కుప్ప పోసింది.

పొద్దు వాలుతుండగా అందరూ దిగారు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. కస్తూరమ్మకి తెలియదు గాని మీకు తెలిస్తే తప్పులేదు. వచ్చినవాళ్ళెవరూ ఉత్తచేతులతో రాలేదు. గవరయ్య రెండు బుగ్గల నిండా సారపప్పు కుక్కుకొచ్చాడు. చుక్కయ్య అనే దుప్పి కొమ్ములకి ఎండుగడ్డి మోపు తగిలించుకొచ్చాడు. దుబ్బయ్య చంకలో తేనెపట్టు ఉంది. దాని వెనకాల చీమలు కూడా వచ్చాయనుకోండి, అవి పిలవని చుట్టాలు.

తెచ్చారు సరే, మరి ఇవ్వాలి కదా. ఎలా ఇస్తారు? ఇంటావిడ అడక్కుండా చేతిలో పెడితే తిన్న తిండికి ఖరీదు కట్టినట్టుంటుంది. ఆ అడవిలో అంతకంటే పెద్ద అవమానం లేదు. అడిగాకే ఇద్దామని ఎవరి మూట వాళ్ళు దాచుకుని కూర్చున్నారు. కొమ్ములకేమిటా గడ్డి అని కస్తూరమ్మ అడిగితే, దారిలో తగులుకుందని చుక్కయ్య బొంకాడు. గవరయ్య నోరు తెరిస్తే పప్పు రాలుతుంది. అందుకని బంతిలో కూర్చుని ఒక్క పండూ తినలేక, ఊఁ, ఊఁహూఁ అని తలాడిస్తూ గడిపాడు. తన నేరేడుపళ్ళు పుల్లగా ఉన్నాయేమోనని కస్తూరమ్మకి దిగులు. అందుకని ఇంకా అతని విస్తట్లోనే కొసరి కొసరి వడ్డించింది.

పోలమ్మవ్వ పొదల అవతల, మాటలు వినపడనంత దూరంలో నిలబడింది. దగ్గరికొస్తే ముళ్ళు లేచి అందరూ బెదిరిపోతారని ఆవిడే అంత దూరంలో ఆగింది.

తినడాలయ్యాయి. కస్తూరమ్మ లేచి నిలబడింది. అందరూ చప్పున ఆవిడ వంక తిరిగారు. చుక్కయ్య అప్పుడే కొమ్ములు వంచాడు. దుబ్బయ్య చంక సడలించాడు. సరిగ్గా అప్పుడే నక్క పళ్ళు కుట్టుకుంటూ ఒక మాట అంది.

"కస్తూరమ్మ చేతికి ఎముక లేదంటే విన్నాను, ఇవాళ కళ్ళారా చూశాను. పెట్టడమే గాని పుచ్చుకోవడం ఎరగని చెయ్యి."

ఇంకేముంది. ఆ మాట విన్నాక ఆ చెయ్యి ఎలా చాస్తుంది? కస్తూరమ్మ నోరు తెరిచింది, మూసింది. అన్నం పెట్టి అడుక్కుంది అంటారు. ఇందుకా పిలిచింది అంటారు. ఇన్నాళ్ళ పేరూ ఒక్క మాటతో వాగులో కలిసిపోతుంది. అలాగని పొదల అవతల అవ్వ ఉంది. కూనలకి, అని ఎలాగో మొదలుపెట్టింది. అందరూ ముందుకి వంగారు.

"కూనలకి కూడా ఈ నేరేడుపళ్ళంటే ఎంతిష్టమో," అంది చివరికి. "ఇంకాస్త వేసుకోండి."

ఇంకేం చేస్తారు, వేసుకున్నారు. తిని, చేతులు కడుక్కుని, వెళ్ళొస్తామన్నారు. మలుపు తిరిగారో లేదో గవరయ్య దవడలు లాగేస్తున్నాయని సారపప్పంతా నమిలేశాడు. చుక్కయ్య మెడ నొప్పెట్టి మోపు దించాడు, దించాను కదా అని మేసేశాడు. తేనె సంగతి చెప్పనే అక్కర్లేదు. దుబ్బయ్య మూతి నాక్కుంటూ ఇల్లు చేరాడు.

పోలమ్మవ్వ పొదల్లోంచి వచ్చింది. ఏమన్నారు తల్లీ అని మెల్లగా అడిగింది. కస్తూరమ్మ ఎంగిలి విస్తళ్ళ వంక చూసింది. నేను అడగలేదవ్వా అంటే అక్కడితో పోయేది. ఒక్క నిమిషం సిగ్గుపడితే సరిపోయేది. ఆవిడ అంతమాత్రం కూడా పడదలచుకోలేదు.

"అందరూ ఒప్పుకున్నారవ్వా. ఇంటికెళ్ళి పంపిస్తామన్నారు."

అవ్వ ముఖం విప్పారింది. ఒంటి మీది ముళ్ళన్నీ మెత్తగా పడుకున్నాయి. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ అని దీవించి, పిల్లలకి చెప్పాలని గబగబా వెళ్ళిపోయింది. కస్తూరమ్మకి సిగ్గేసింది. రేపు ఒక్కొక్కరినీ చాటుగా అడిగేస్తే అబద్ధం నిజమైపోతుంది కదా అని సర్దిచెప్పుకుంది. మర్నాడు వెళ్ళింది కూడా. చుక్కయ్య ఎదురొచ్చి, విందంటే మీదే విందు వదినా అన్నాడు. ఏదో మా తాహతుకి అని నవ్వి, వచ్చిన దారినే తిరిగొచ్చింది.

రెండో విందు గవరయ్య బండ మీద. గవరయ్య చెడ్డవాడేం కాదు, అడగాలనే అనుకున్నాడు. కాని కస్తూరమ్మ అంతటావిడే అడగనప్పుడు తను అడిగితే కోతిబుద్ధి అంటారని భయం. అందుకని డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు. మబ్బులు పడుతున్నాయన్నాడు. అవును, పడుతున్నాయన్నారు అందరూ. కూనలు పాపమన్నాడు. పాపమే అన్నారు. గడ్డి, అని ఆగాడు. ఈ ఏడు గడ్డి బాగా ఎండిందని చుక్కయ్య కొమ్ములకున్న కొత్త మోపుని అటూ ఇటూ ఊపి చూపించాడు. అంతకంటే ఎలా అందిస్తాడు పాపం. గవరయ్యకి చెమటలు పట్టాయి. మాట తోచక రెండు పిల్లిమొగ్గలు వేశాడు. అందరూ భేషన్నారు. విందు అయిపోయింది.

కస్తూరమ్మ ఆ బంతిలోనే ఉంది. ఇతను అడిగేస్తే తన అబద్ధం కూడా అందులో కొట్టుకుపోతుందని కొండంత ఆశతో వచ్చింది. అందరూ వెళ్ళాక అవ్వ వచ్చి గవరయ్యని అడిగింది. గవరయ్య తల గోక్కున్నాడు. కస్తూరమ్మ ఆ రోజు ఏం చెప్పిందో కొమ్మ మీంచి విన్న సింగారి, విందు పెట్టబోయే ఇద్దరి చెవినా వేసింది లెండి, అదే గుర్తొచ్చింది.

"అందరూ ఒప్పుకున్నారవ్వా. ఇంటికెళ్ళి పంపిస్తామన్నారు."

పొల్లుపోకుండా అదే మాట. కస్తూరమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అది అబద్ధమని అందామంటే, మరి నువ్వు చెప్పిందో అని అడుగుతారు. మింగలేదు, కక్కలేదు. గవరయ్య వంక చూసింది. గవరయ్య చెట్టు వంక చూశాడు.

ఇద్దరు పెద్దవాళ్ళు మాటిచ్చాక పోలమ్మవ్వకి ఇంక బెంగేముంది? గడ్డలు తవ్వడం మానేసింది. పొద్దస్తమానం పైన గుహ ఊడవడం, వచ్చినవి ఎక్కడ సర్దాలో చూసుకోవడం, ఇదే పని. ఒకనాడు కస్తూరమ్మ అటుగా పోతుంటే పిల్లలు, రాత్రిళ్ళు ఇంకా గుంటలోనే పడుకుంటున్నా, ఆ పూట అవ్వ వెంట వచ్చి గుహ వాకిట్లో కూర్చుని ఉన్నారు. గడ్డి మీద ఎవరు ఏ చివర పడుకోవాలో అడవిపిల్లి కూనకీ కుందేలు పిల్లలకీ జగడం అవుతోంది. అక్కడ గడ్డిపోచైనా లేదు. దుప్పిపిల్ల కుంటుతూ ఎదురొచ్చింది.

"ఇక్కడ చుక్కయ్య మామ గడ్డి పరుస్తాం అత్తా. ఆ మూల దుబ్బయ్య తాత తేనె. మరి మీరు పంపేది ఎక్కడ పెట్టుకోమంటారు?"

 ఎక్కడైనా పెట్టుకోండమ్మా అని కస్తూరమ్మ గొణిగి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. అడక్కుండా పని చక్కబెట్టాలని చూసింది. తనే గడ్డి కోసి నోట కరుచుకుని గుట్టెక్కింది. పునుగుపిల్లి నోట్లో ఎంత గడ్డి పడుతుంది? అందులో సగం దారిలోనే రాలింది. మిగిలింది కుందేలు పిల్ల చెవికి కూడా పరుపు కాదు. తన తొర్రలోంచి ఏదైనా తెద్దామంటే తొర్ర ఖాళీ. ఉన్నదంతా నలుగురికీ వడ్డించేసింది కదా.

ఇక మూడో విందు. దుబ్బయ్య పాపం అమాయకుడు. విందు పూట కస్తూరమ్మని చాటుకి పిలిచి, ఆఖర్న ఏం చెప్పాలో ఒకసారి చెప్పమన్నాడు. ఏం చెప్పడం అంది కస్తూరమ్మ.

"అదేనమ్మా. అడక్కుండా కూర్చుని, అయ్యాక అవ్వతో పంపిస్తామన్నారని చెప్పాలి కదా. మీ రెండిళ్ళలోనూ అదే ఆనవాయితీ అయింది. నేను తప్పితే బాగుండదు."

విన్నారా? ఆవిడ ఒక్కసారి ఆడిన బొంకు అడవికి ఆచారమైపోయింది.  కస్తూరమ్మ వెళ్ళి బంతిలో కూర్చుంది. ఈసారి ఎవరి దగ్గరా మూటల్లేవు. అడగని చోటికి మోసుకురావడం దేనికని అందరూ ఉత్తచేతులతో వచ్చారు. దుబ్బయ్య విస్తళ్ళు పరిచాడు. దుంపలు, పనసతొనలు, సారపప్పు, తేనె, దండిగా వడ్డించాడు. ఇంక మొదలుపెట్టండి అనబోతుంటే గుహ బయట ఉరిమింది. ఆ వెంటనే వాన దిగింది. చినుకులు కాదు, కుండపోత.

లోపల అందరూ హాయిగా నిట్టూర్చారు. మంచి వేళకి గుహలో ఉన్నామనుకున్నారు. వాన శబ్దం వింటూ తింటే ఆ రుచే వేరని నక్క అంది. అప్పుడు గుహ వాకిట్లో గలగలమని చప్పుడయింది.

పోలమ్మవ్వ. నిలువెల్లా తడిసిపోయింది. భయానికి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ముందు వరసలోవాళ్ళు విస్తళ్ళతో సహా వెనక్కి జరిగారు. అవ్వ వాళ్ళెవరినీ చూడలేదు. గుంపులో కస్తూరమ్మని వెతుక్కుని ఆవిడతోనే మాట్లాడింది. గుంటలోకి నీళ్ళొచ్చేశాయట. పిల్లల్ని పక్కనున్న బండ మీదికి ఎక్కించి వచ్చిందట. ఈ వాన జారుడులో కుంటికాలి దుప్పిపిల్ల గుట్ట ఎక్కలేదు. వీపు మీద మోద్దామంటే ఆవిడ వీపు ముళ్ళ వీపు.

"పంపిస్తామన్నవాళ్ళకి ఒక్కసారి గుర్తుచెయ్యి తల్లీ," అంది. "నేను మొదలెడితే నా ముళ్ళు చూసి బెదురుతారు. నీ మాటయితే వింటారు."

పంపిస్తామన్నది ఎవరు అని నక్క పక్కవాళ్ళని అడిగింది. నన్నెవరూ అడగందే అంది. నన్నూ అడగలేదన్నాడు చుక్కయ్య. అందరి కళ్ళూ కస్తూరమ్మ మీద పడ్డాయి. గవరయ్య పనసతొన వెనక ముఖం దాచుకున్నాడు.

 ఇప్పుడు కూడా కస్తూరమ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మర్చిపోయి ఉంటారవ్వా అంటే చాలు, నేరం నలుగురి మీదికీ పోతుంది, తన పేరు తనకి మిగులుతుంది. అవ్వ ఆవిడనే చూస్తోంది. ఆ చూపులో అనుమానమన్నది లేదు. దానికే కస్తూరమ్మకి ఏడుపొచ్చింది.

"ఎవరూ అనలేదవ్వా," అంది. "నేను ఎవరినీ అడగలేదు. అడిగితే చిన్నతనమని అడగలేదు. నీతో అబద్ధం చెప్పాను."

 కస్తూరమ్మ అందరి వైపూ తిరిగింది.  

"ఇప్పుడు అడుగుతున్నాను. ఎవరూ విస్తరి ముట్టుకోకండి. ఇదంతా కూనలకి కావాలి. దుబ్బయ్యన్నా, నువ్వు పడుకునే పక్క గడ్డి కావాలి, నీ వీపు కూడా కావాలి. లేవండి."

బంతిలో కూర్చున్నవాళ్ళని తినకుండా లేవమనడం! వడ్డించిన విస్తరి ముందునుంచి లేపితే ఏడు తరాలు మాట్లాడుకోరు. ఆ అడవి పుట్టాక అలాంటి మాట ఎవరూ విని ఉండరు. నక్క నోట్లోకి పోబోతున్న దుంప అక్కడే ఆగిపోయింది.

ముందు లేచింది చుక్కయ్య. అతనికి కోపమొచ్చింది. "ఈ మాట ఆ రోజే అని ఉంటే ఏం పోయేది వదినా? ఆ గడ్డి మోసుకొచ్చింది కూనల కోసమే. మీరు అడుగుతారని మెడ విరిగేలా కూర్చున్నాను," అన్నాడు. తన బుగ్గల్లో సారపప్పు కూడా అందుకేనని గవరయ్య ఒప్పుకున్నాడు, తను చెప్పింది కూడా అబద్ధమేనని పనిలో పనిగా ఒప్పేసుకున్నాడు. తేనె మాట దుబ్బయ్య చెప్పాడు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇచ్చేవాళ్ళు ఇవ్వడానికి సిద్ధం, అడిగేవాళ్ళకి నోరు లేదు, మధ్యన రెండు విందులూ ఎవరి కడుపుల్లోకి పోయాయో అందరికీ అర్థమైంది. తిలాపాపం తలా పిడికెడు. చివరికి నక్క కూడా చేతిలో దుంపని మళ్ళీ విస్తట్లో పెట్టింది. కాస్త కొరికింది లెండి.

ఆ తరవాత ఎవరూ మర్యాదలకి ఆగలేదు. విస్తళ్ళు మడిచి మూటలు కట్టారు. దుబ్బయ్య పక్క గడ్డి తీసి, పైన ఆకులు కప్పి, చుక్కయ్య కొమ్ములకెత్తారు. దుబ్బయ్య వానలోకి ఉరికాడు. బండ మీది పిల్లల్ని వీపున వేసుకునేసరికి నీళ్ళు ఆ బండ అంచుదాకా వచ్చాయి. అడవిపిల్లి కూన భయంతో అతని చెవి కొరికింది. దుబ్బయ్య కిక్కురుమనలేదు.

పిల్లలు గుట్ట మీది గుహ చేరారు. గడ్డి సగం తడిసింది. తిండి వానలన్నాళ్ళకీ చాలేది కాదు. ముందు రెండు విందులూ తినెయ్యకపోతే చాలేది. ఇంటికొకరు తమ తిండిలోంచి తెచ్చి పెట్టాల్సి వచ్చింది. ఆ వానాకాలం అడవిలో అందరి పొట్టలూ కాస్త వెనక్కి పోయాయి.

ఆ సాయంత్రం అందరూ ఇళ్ళకి పోయినా కస్తూరమ్మ గుహలోనే ఉండిపోయింది. పిల్లల్ని తుడిచింది, తడి గడ్డి పిండి ఆరవేసింది. అవ్వ ముఖం చూడడానికి మాత్రం మొహం చెల్లలేదు.  అవ్వ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఆకులు వేసి దుంపలు పెట్టింది. కస్తూరమ్మా, తింటావా అని అడిగింది.

"ఇప్పుడే తిన్నానవ్వా," అంది కస్తూరమ్మ.

అదిగో, మళ్ళీ. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తొర్రలో ఈతగింజ లేదు. ఇంకో రెండుసార్లు బతిమాలితే తిందామని ఆవిడ ఆశ. మర్యాదస్తుల అడవిలో అదే పద్ధతి. పోలమ్మవ్వకి ఆ పద్ధతులు తెలియవు. తిన్నానంటే తిన్నదనుకుంది. సరేలే అని పిల్లలకే ఇంకో దుంప పెట్టింది.

పిల్లలు తింటున్నారు. కస్తూరమ్మ చూస్తోంది. దుంపల వాసన ముక్కుకి తగులుతోంది. కడుపులో పేగులు అరిచాయి. వానలో ఎవరికీ వినపడలేదు. అందరి కోసం అడిగినప్పుడు ఇంత కష్టం కాలేదు. తన కోసం అనేసరికి మళ్ళీ నోరు పెగలడం లేదు.

"అవ్వా," అంది చివరికి. "నేను తినలేదు. తొర్రలో కూడా ఏమీ లేదు. ఆకలేస్తోంది. నాకూ పెట్టు."

 అవ్వ దుప్పిపిల్లని కాస్త జరగమంది. వరసలో ఇంకో ఆకు వేసింది. కస్తూరమ్మ పిల్లల మధ్య కూర్చుని, తలెత్తకుండా, ఒక్క ముక్క మిగల్చకుండా తినేసింది. తిని, ఆకు ముందుకి జరిపింది.

"ఇంకొంచెం," అంది.

అవ్వ పెట్టింది. అడిగింది కదా మరి.

నీతి: పదిమందికి పెట్టే చెయ్యి మంచిపని కోసం పదిమందిని అడగడానికి సిగ్గుపడకూడదు; అడగందే అమ్మయినా పెట్టదు.